ఉపగ్రహానికి ఆయుష్షు ఉంటుందా?

సందేహం: ‘ఈ కమ్యూనికేషన్ ఉపగ్రహం ఆయుష్షు 15 ఏళ్లు’ అని వార్తల్లో రాస్తున్నారు. ప్రాణం లేని వస్తువుకు ఆయుష్షు అనవచ్చా? ‘జీవితకాలం’ అనాలా?

సమాధానం: ‘జీవితకాలం’లో మాత్రం జీవం లేదా? దాన్ని ఒప్పుకుని ఆయుష్షును నిలదీయడం దేనికి!

‘ఆయుస్’ శబ్దాన్ని మన వైయాకరణులు ‘ఇణ్’ ధాతువు నుంచి సాధించారు. ఇణ్ అంటే వెళ్లడం. పోతూ ఉండేది కాబట్టి ఆయువు. ఆ లెక్కన ఈ మాట మనకన్నా భూస్థిర ఉపగ్రహానికే బాగా నప్పుతుంది. 35,786 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతూనే ఉంటుంది. భూమీ దానికి జతగా తిరుగుతోంది గనక మనకు కదలనట్టు కనిపిస్తుంది, అంతే. ‘ఆకాశంలో నిశ్చలంగా నిలబడ్డ ఉపగ్రహం’ అని రాసేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. నిలబడితే కింద పడుతుంది నాయనా!

ఇక దీని ఆయువుపట్టు ఇంధనం. సూర్యచంద్రుల ఆకర్షణ ఏటా కక్ష్యను డిగ్రీకి కాస్త తక్కువగా ఒరగదీస్తుంది. భూమధ్యరేఖ కచ్చితమైన వలయం కాకపోవడంతో ఉపగ్రహం తూర్పుకో పడమరకో జరిగిపోతుంది. థ్రస్టర్లనే చిన్న ఇంజన్లు మండించి ఎప్పటికప్పుడు చోటికి తేవాలి. అందుకే సంకేతాలను అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్లు లక్షణంగా పనిచేస్తున్నా, ట్యాంకు అడుగంటుతుంటే మిగిలిన ఇంధనంతో దాన్ని సుమారు 300 కిలోమీటర్లు పైకి తోసి, అన్నీ కట్టేస్తారు. అక్కడా అది తిరుగుతూనే ఉంటుంది. అంటే ఇణ్ ధాతువు ప్రకారం ఆయుష్షు తీరనట్టే! ఈ చిక్కు వల్లే, లెక్క చెప్పేచోట ‘సేవాకాలం’ అనడం నాకిష్టం. మాటవరసకు ఆయుష్షు అంటే తప్పుపట్టను.

‘కాలం చెల్లిన’ అనేది మందులకు, చట్టాలకు సరే, దీనికి వద్దు. ‘చనిపోయిన ఉపగ్రహం’ ఇంగ్లిషు వాసన.

‘ఆయుష్షు పోశారు’ అన్నది మాత్రం ఆలోచించాల్సిందే. 2001లో ఎగిరిన ఇంటెల్‌శాట్-901 అనే కమ్యూనికేషన్ ఉపగ్రహానికి ఇంధనం తరిగిపోతే, 2020 ఫిబ్రవరిలో ఎంఈవీ-1 అనే అంతరిక్ష నౌక వెళ్లి దాన్ని పట్టుకుంది. అయిదేళ్లు తన థ్రస్టర్లతోనే దాన్ని మోసి, 2025లో పైకక్ష్యలో వదిలింది. చుక్క ఇంధనం కూడా పోయలేదు. ‘పోశారు’ బదులు ‘పొడిగించారు’ అంటే మేలేమో. మీకు జాతీయమే ముద్దనుకుంటే, కానివ్వండి.