పాలెగాళ్ల చేతికి ఏకే-47 ఇస్తే? (మీరు అడిగినారు, మేం చెప్తున్నాం)

పోయిన సంచికలో అమెరికా రచయిత హ్యారీ టర్టిల్‌డవ్ నవలల గురించి అర పేజీ రాసినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. తిట్లు పక్కన పెట్టి మిగిలినవాటికి జవాబులు ఇస్తున్నా.

ఆల్టర్నేట్ హిస్టరీ అంటే మన ఆదిత్య 369 లాంటిదేనా సార్? అసలు ఈయన ఎవరు? (డిగ్రీ విద్యార్థి, ఆదోని)

కాదు తమ్ముడూ. ఆ సినిమాలో టైం మిషన్ ఎక్కి రాయలవారి కాలానికి పోతారు, చూస్తారు, బయటపడతారు, మన చరిత్ర పుస్తకంలో ఒక్క ముక్క మారదు. ఇక్కడ చరిత్రే దోవ మారుస్తుంది. ఎట్లాగంటే, 1862 సెప్టెంబర్‌లో అమెరికా అంతర్యుద్ధం నడుస్తా ఉంటే, దక్షిణాది సేనాని లీ రాసిన రహస్య ఆర్డర్ కాపీ ఒకటి మూడు పొగాకు చుట్టల చుట్టూ చుట్టి ఉన్నది ఉత్తరాది సిపాయిలకు పొలంలో దొరికింది. ఇది నిజంగా జరిగిందే. దాంతో లీ ప్లాన్ బయటపడి యాంటీటమ్ దగ్గర దండయాత్ర ఆగిపోయింది, ఐదు రోజులకే లింకన్ బానిసల విముక్తి ప్రకటన చేసినాడు. టర్టిల్‌డవ్ చేసిందల్లా ఆ కాగితం దక్షిణాది వాళ్లకే తిరిగి దొరికినట్టు రాయడం, అంతే! అమెరికా రెండు దేశాలైపోయింది, ఆ రెండూ మొదటి ప్రపంచ యుద్ధంలో చెరో పక్క చేరి సొంత నేల మీదే కందకాలు తవ్వుకుని కొట్టుకున్నాయి.

ఆయన పుట్టింది 1949లో లాస్ ఏంజిలిస్‌లో. పిల్లోడిగా ఉన్నప్పుడు డి క్యాంప్ అనే ఆయన రాసిన నవల ఒకటి, ఇప్పటి మనిషి ఆరో శతాబ్దం రోమ్‌లో పోయి పడే కథ, చదివి ఇందులో నిజమెంత కల్పన ఎంత అని వెతుక్కుంటా పోయి ఏకంగా బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చరిత్రలో 1977లో పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. ఆ చదువంతా మొదట ఫాంటసీలో పెట్టినాడు, ఒక రోమన్ దండు మంత్రాలు పనిచేసే ఇంకో లోకంలోకి పోయి పడుతుంది, అక్కడి సామ్రాజ్యం అచ్చం బైజాంటియమే.

మా పిల్లోడు పదో తరగతి. రెండో ప్రపంచ యుద్ధంలో బల్లులు దిగి వచ్చే పుస్తకం కావాలని ఒకటే గోల. కొనివ్వొచ్చా? (ఒక తల్లి, ప్రొద్దుటూరు)

అది వరల్డ్‌వార్ సిరీస్ అక్కా, 1994 నుంచి 96 దాకా నాలుగు భాగాలు. వేరే గ్రహం బల్లి మనుషులు ఎనిమిది వందల ఏళ్ల ముందు భూమిని ఫొటో తీయించుకుంటారు, అందులో గుర్రం మీద కవచం వేసుకున్న ఒక యోధుడు కనపడతాడు. వాళ్ల లోకంలో ఎనిమిది వందల ఏళ్లకు ఏమీ మారదు కాబట్టి గుర్రాలే ఉంటాయని ధీమాగా 1942లో దిగితే హిట్లర్, స్టాలిన్, చర్చిల్ ట్యాంకులతో విమానాలతో కుమ్ముకుంటా ఉంటారు. ఇంకో తమాషా, ఆ బల్లులకు మన అల్లం మత్తుమందు! అల్లం రుచి మరిగి డ్యూటీ వదిలేసే సైనికులను చూస్తే నవ్వాగదు.

నాకు నచ్చింది మాత్రం నవ్వు కాదు. వార్సాలో నాజీలు గోడ కట్టి చావుకు వదిలేసిన యూదులకు ఈ బల్లులే దేవుళ్లలా కనపడతారు, అప్పుడు వాళ్లు మనుషుల పక్క నిలబడాలా బల్లుల పక్కా? మనిషి జాతికి ద్రోహం అనడం బయట కూర్చున్నోడికి సులువు. ఈ చిక్కు ఆయన తొందరగా విప్పడు, చాలాదూరం లాగుతాడు, అక్కడే రచయిత గొప్పతనం తెలుస్తుంది. అయితే పెద్దోళ్ల సీన్లు ఉన్నాయి అక్కా, ఇంటర్ అయిపోనీ.

గాంధీజీ మీద కూడా ఏదో కథ రాసినాడంట, ఆయన్ను చంపేసినట్టు. ఇది అవమానం కాదా? (రిటైర్డ్ టీచర్, తాడిపత్రి)

మాష్టారూ, ఆ కథ పేరు ది లాస్ట్ ఆర్టికల్, 1988లో వచ్చింది. జర్మన్లు బ్రిటిష్ వాళ్లను ఓడించి ఇండియాను పట్టుకుంటారు, గాంధీజీ ఎప్పటిలాగే సత్యాగ్రహం మొదలుపెడతారు, కానీ ఎదురుగా ఉండేది ఫీల్డ్ మార్షల్ మోడెల్. ఆయనకు సిగ్గూ లేదు, పార్లమెంటులో జవాబు చెప్పుకునే పనీ లేదు. జనం మీద కాల్పులు జరిపిస్తాడు, చివరికి గాంధీజీని కూడా చంపిస్తాడు. చదివితే నాకూ కడుపులో తిప్పినట్టైంది కానీ అవమానం అనిపించలేదు, ఎందుకంటే గాంధీజీ అందులో పిరికివాడు కాదు, తెలివితక్కువ వాడూ కాదు. అహింస పనిచేయాలంటే ఎదుటోడిలో కొంచెమన్నా మనిషి మిగిలుండాలా అనేది ఆ కథ అడిగే ప్రశ్న. మీరు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకుండా వాదించడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు.

ఏకే-47 లతో అంతర్యుద్ధం గెలిచే నవల ఉందన్నారు కదా, అట్లే మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ఇస్తే ఎట్లుంటాది? (కోవెలకుంట్ల నుంచి ఒక అభిమాని)

విజిల్స్ పడతాయప్పా, నవల మాత్రం పండదు. ది గన్స్ ఆఫ్ ది సౌత్‌లో (1992) దక్షిణాఫ్రికా జాత్యహంకారులు కొందరు 2014 నుంచి 1864కు పోయి లీకి ఆ తుపాకులు ఇస్తారు. తుపాకులతో గెలవడం సగం కథే, మిగతా సగం ఇచ్చినోళ్ల అసలు ఉద్దేశం తెలిసినాక లీ వాళ్ల మీదే తిరగబడటం. అందులో లీని మరీ మంచోణ్ని చేసినాడని నాకు కోపం, బానిసలను ఉంచుకున్న మనిషికి అంత మెతక మనసు ఇవ్వడమేంది?

మన సీమకు రాయాలంటే తుపాకి వద్దు, కాగితం చాలు. అందరూ 1565 తళ్ళికోట దగ్గరికే పోతారు, నేనైతే 1800 పట్టుకుంటా. ఆ ఏడు నిజాం, ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా బళ్లారి, అనంతపురం, కడప సీమను రాసిచ్చేసినాడు. డబ్బే కడతా, నేల ఇవ్వను అన్నాడనుకో. కంపెనీ కలెక్టర్ మన్రో అనంతపురం రాడు, పాలెగాళ్లను అణచడు, అణిగిన పాలెగాళ్లకు ఇచ్చే పింఛన్లు, అదే తవర్జీ భరణాలు, ఉండవు, కాబట్టి 1846లో ఆ తవర్జీ గొడవతో రేగిన తిరుగుబాటే ఉండదు, మీ నరసింహారెడ్డి తిరగబడితే నిజాం తాలూకాదారు మీదే తిరగబడాల. 1820లో సి.పి. బ్రౌన్ కడపకు రాడు, వేమన పద్యాలు ఎవరు పోగేసి అచ్చేస్తారో మరి. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో మన మాటే రాదు, 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యాన్ని కలుపుకోవడానికి వచ్చిన భారత సైన్యం గుత్తి దాకా దిగాల్సి వస్తుంది. కర్నూలు టౌన్ 1839 దాకా నవాబు కింద ఉన్నది కాబట్టి అది వేరే లెక్క, కానీ చుట్టూ సీమంతా హైదరాబాద్ రాజ్యమైతే 1953లో గుడారాలేసి కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఎవరు పెడతారు? ఒక్క సంతకం తీసేస్తే ఇంత. రాయండప్పా ఎవరైనా.

ఆ రెండు అమెరికాల సిరీస్ పదకొండు నవలలంట, అన్నీ చదవాల్సిందేనా? (నంద్యాల)

అవసరం లేదు. 1997లో వచ్చిన మొదటిది, హౌ ఫ్యూ రిమైన్, దాని తర్వాత గ్రేట్ వార్ మూడూ చాలు. ఈయన విపరీతంగా రాస్తాడు, రాసిందే రాస్తాడు, శామ్ కార్స్‌టెన్ అని తెల్లతోలు నావికుడు ఒకడుంటాడు, కనపడిన ప్రతిసారీ ఎండకు చర్మం కాలిందనీ మందు పూసుకున్నాడనీ చెప్పాల్సిందే. మే నెల నంద్యాలలో కూర్చుని అది పదోసారి చదువుతా ఉంటే పుస్తకం విసిరేయాలనిపిస్తుంది. ఇంగ్లీష్ అంత అలవాటు లేకపోతే గాంధీ కథతోనే మొదలుపెట్టండి, చిన్నది, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.