పునర్జన్మ ఉంటే పిండం ఎవరికి చేరుతుంది?

చనిపోయినవారు మరో జన్మ ఎత్తుతారని నమ్ముతూనే పిండాలు, మాసికాలు, తద్దినాలు పెట్టడం పరస్పర విరుద్ధం కాదా అని మీరు అడిగారు. మా నాన్నగారి కర్మలు రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున జరిపించినప్పుడు నాకూ ఇదే సందేహం కలిగింది కనుక, అప్పుడు పురోహితులు వివరించినదానికి తరువాత నేను చదివినది జోడించి చెబుతున్నాను.

భౌతికానికీ ఆధ్యాత్మికానికీ మధ్య సరిహద్దు మరణమేనని మనం అనుకుంటాం. వేదాంతం మాత్రం ఆ సరిహద్దును అక్కడ పెట్టలేదు. చితిమీద కాలేది కంటికి కనిపించే స్థూలశరీరమే. ఐదు జ్ఞానేంద్రియాలు, ఐదు కర్మేంద్రియాలు, ఐదు ప్రాణాలు, మనస్సు, బుద్ధి కలిసి 17 అంగాలైన సూక్ష్మశరీరం జీవుడి వెంటే వెళుతుంది. అదీ జడమే, ఆత్మ కాదు. ఆకలిదప్పులు ప్రాణధర్మాలు కాబట్టి అవీ వెంట వెళతాయి. రాతిలో ప్రేతను, అంటే ఇంకా పితృదేవతల్లో చేరని జీవుణ్ణి, ఆవాహన చేసి, దహనం వల్ల కలిగిన తాపమూ దాహమూ తీరాలని నీళ్లు విడవడం ఇందుకే. గరుడ పురాణం ప్రకారం మొదటి రోజు పిండంతో శిరస్సు ఏర్పడుతుంది, తరువాతి రోజుల్లో మిగిలిన అవయవాలు ఏర్పడి, యాత్రకు తగిన దేహం పది రోజులకు సిద్ధమవుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించినది పన్నెండో రోజు సపిండీకరణం. ప్రేతపిండాన్ని మూడు భాగాలు చేసి పై మూడు తరాలవారి పిండాలలో కలిపినప్పుడు, నాన్నగారు ప్రేతత్వం వదిలి పితృదేవతల వరుసలో చేరారన్నారు. వసువులు, రుద్రులు, ఆదిత్యులు దేవతాగణాలు; ఇకపై తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. ఆపై తరం పిండం అందుకునే వరుసనుంచి తప్పుకుంటుంది.

ఇక పునర్జన్మ మాట. గడ్డిపరక చివరికి చేరిన జలగ మరో పరకను పట్టుకున్నాకే మొదటిదాన్ని వదిలినట్టు జీవుడు దేహం మారుతాడని బృహదారణ్యక ఉపనిషత్తు అంటుంది. చంద్రలోకం దాకా వెళ్లి వానతోపాటు దిగివచ్చి ధాన్యంలో చేరే మార్గాన్ని ఛాందోగ్య ఉపనిషత్తు చెబుతుంది. గరుడ పురాణం ఏడాది యాత్ర అంటుంది. వీటిని బలవంతంగా ఒకటి చేయనవసరం లేదని నా అభిప్రాయం. సంప్రదాయం ఇచ్చే సమాధానం వేరు: జీవుడు ఏ జన్మలో ఉన్నా, మనం పెట్టినదాన్ని వసురుద్రాదిత్యులు ఆ జన్మకు తగిన ఆహారంగా, దేవతైతే అమృతంగా, పశువైతే గడ్డిగా అందిస్తారు. తర్కంతో దీన్ని నిరూపించలేం, కానీ మీరన్న వైరుధ్యం మాత్రం ఇందులో లేదు.

గయలో పిండం పెట్టాక తద్దినం మానేయవచ్చని మా బంధువులు కొందరు సలహా ఇచ్చారు. పురోహితులు ఒప్పుకోలేదు, మేమూ మానలేదు.