బతుకమ్మ పేర్చినట్టు కవిత

చెల్లెమ్మా,

మార్చి 8 మహిళా దినోత్సవానికి మూడో తరగతి పిల్లలతో కవితల కార్డులు చేయిస్తానన్నావు. పేరులోని ఒక్కో అక్షరంతో ఒక్కో పాదం మొదలుపెట్టించే ఆలోచన మానుకో. 1879లో ఈ హైదరాబాద్‌లోనే పుట్టిన సరోజినీ నాయుడు పేరైతే స, రో, జి, నీ అన్నీ కుదురుతాయి. తరగతిలో ఒక పిల్ల వాళ్ళమ్మ పేరు కృష్ణవేణి అనుకో, ఆ పిల్ల 'ష్ణ' దగ్గర పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటుంది.

బతుకమ్మ ఆకారం పట్టుకో. పై వరసలో ఒక మాట, కింద రెండు, అలా ఐదు దాకా:

నానమ్మ
పసుపు చేతులు
కొంగున రూపాయి ముడి
"దా బిడ్డా" అని పిలుస్తది
రిమోట్ అడిగితే నాకు అస్సలు ఇయ్యది

'పిలుస్తది'ని 'పిలుస్తుంది' అని దిద్దావో, నానమ్మ పోయి పాఠ్యపుస్తకం వచ్చి కూర్చుంటుంది. "అమ్మ గురించి రాయండి" అనీ అనకు. అమ్మ దగ్గర లేని పిల్లలుంటారు; అత్తమ్మైనా, బడి ఆయమ్మైనా, ఎవరో ఒకరిని వాళ్ళే ఎంచుకోనీ. ఎవరైనా 'త్యాగమూర్తి' అని రాస్తే కొట్టెయ్యకు. ఆమె సంచిలో ఏముంటుంది, దేనికి కసురుకుంటుంది అని అడుగు, ఆ మాట దానంతటదే పోతుంది.

ఇక కాగితం. పాదానికొకటి చొప్పున 3 సెంటీమీటర్ల ఎత్తు పట్టీలు. పొడవు 6, 9, 12, 15, 18. ఒక్కో పొడవుకి ఒక్కో లేత రంగు, ముదురు రంగు మీద స్కెచ్ పెన్ను కనపడదు. ముప్పై మందికి రంగుకి సగం చార్టు చాలు, మిగతా సగం తప్పు రాసినవాళ్ళకి.

పట్టీ కింది అంచుకి ఒక సెంటీమీటరు పైన గీత గీయించి, అక్షరాలు దాని మీద కూర్చోబెట్టించు. పై అంచుని అర సెంటీమీటరు లోతున రేకుల్లా కత్తిరించాలి. అంటించడం పై పట్టీతో మొదలు: నిలువు ఏ4 అట్ట మీద, పైనుంచి 8 సెంటీమీటర్లు వదిలి. కింది పట్టీ రేకులు పై పట్టీ మీదికి అర సెంటీమీటరు ఎక్కుతాయి; గీత కింద జాగా వదలకపోతే 'నానమ్మ' ఒత్తు వాటి కింద పడి 'నానమ' అవుతుంది. కింది నుంచి మొదలుపెడితే రేకులే దాగిపోతాయి. కొసన గౌరమ్మకి పసుపు రంగు కాగితం ముక్క.

రాశాకే అంటించాలి. ఫెవికాల్ తడి మీద స్కెచ్ పెన్ను పాకుతుంది. ఆరకముందే కార్డులు దొంతర పెట్టకు, అతుక్కుపోతే విడదీసేటప్పుడు రేకులే ముందు ఊడొస్తాయి.

ఆశీస్సులతో,
అక్క