పాఠకుల ప్రశ్నలు: బెంటియు గేటు లోపల

గత సంచికలో దక్షిణ సూడాన్‌లోని బెంటియు శిబిరం గురించి, అంటే యుద్ధానికి భయపడి జనం తలదాచుకున్న ఐక్యరాజ్యసమితి స్థావరం గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. 2016 చివరి నుంచి ఏడాదికి పైగా నేను అక్కడ ఒక సహాయ సంస్థ తరఫున, పిల్లల పోషకాహార విభాగంలో నర్సుగా పనిచేశాను. మూడు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అక్క కొడుకు ఆర్మీలో ఉన్నాడు. ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో దక్షిణ సూడాన్ వెళ్తున్నాడు. అక్కడ వీళ్లు తుపాకీ పేల్చకూడదట, ఎవరు ఎవర్ని చంపుతున్నా చూస్తూ నిలబడాలట కదా? మా అక్కకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పేల్చకూడదన్న మాట నిజం కాదని ముందు మీ అక్కగారికి చెప్పండి. 2011లో ఆ దేశం పుట్టినప్పుడు కొత్త ప్రభుత్వానికి చేయూతనివ్వడానికి ఈ దళం వెళ్లింది. యుద్ధం వచ్చాక ఆ ప్రభుత్వ సైనికులే జనాన్ని చంపుతుంటే ఇంకా ఏం చేయూత? అందుకే 2014 మేలో భద్రతా మండలి 2155వ తీర్మానంతో దళం పనిని మార్చింది. పౌరుల్ని కాపాడటం మొదటి పని అయింది. అందుకోసం బలం వాడవచ్చు, ఎదురుగా ఉన్నది ప్రభుత్వ సైనికుడైనా సరే.

యుద్ధం 2013 డిసెంబరు 15 రాత్రి రాజధాని జుబాలో మొదలైంది. అధ్యక్షుడు సాల్వా కీర్ డింకా తెగవాడు. ఆ జులైలో ఆయన పదవి నుంచి తీసేసిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ న్యూయెర్ తెగవాడు. జుబాలో ఇంటింటికీ వెళ్లి న్యూయెర్లను వెతికి చంపారు. కొద్ది రోజుల్లోనే వేరే ఊళ్లలో డింకాల మీద అదే జరిగింది. జనం చంకలో పిల్లలతో ఐరాస స్థావరాల వైపు పరుగెత్తారు. లోపలివాళ్లు గేట్లు తెరిచారు. అప్పటికి వాళ్ల దగ్గర అంతమందికి నీళ్లు లేవు, మరుగుదొడ్లు లేవు. నాలుగు రోజులు ఉండి వెళ్తారనుకున్నారు. ఏళ్లు గడిచాయి. ఒక దశలో ఒక్క బెంటియులోనే లక్ష మందికి పైగా ఉన్నారు. నేను వెళ్లకముందు, 2014 వానల్లో ఆ శిబిరం మునిగితే, మోకాళ్ల లోతు నీళ్లలో పిల్లల్ని ఎత్తుకుని రాత్రంతా నిలబడ్డామని నా దగ్గరికి వచ్చే తల్లులు చెప్పేవాళ్లు. అయినా బయటికి పోలేదు. బయట ఏముందో వాళ్లకు తెలుసు.

గేటు తెరిచినందుకు ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. 2013 డిసెంబరు 19న అకోబో అనే ఊళ్లో కొందరు డింకాలు చిన్న ఐరాస స్థావరంలో తలదాచుకున్నారు. దాదాపు రెండు వేల మంది సాయుధ యువకులు దాని మీద పడ్డారు. శరణు కోరిన వాళ్లతో పాటు ఇద్దరు భారత సైనికులు చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం ఇంకా మొదలుకాకముందే, గుమురుక్ దగ్గర మాటువేసి చేసిన దాడిలో మరో అయిదుగురు భారత సైనికులు పోయారు. ఇది మీ అక్కగారి దగ్గర దాచమని నేను అనను. ఆమెకు నిజం తెలియాలి.

చేతగానితనం కూడా ఉంది. 2016 ఫిబ్రవరిలో మలకాల్‌లోని అలాంటి మరో ఐరాస శిబిరంలోకి సాయుధులు చొరబడి గుడిసెలు తగలబెట్టారు. కనీసం 30 మంది చనిపోయారు. కొన్నిచోట్ల కాపలావాళ్లు స్థానం వదిలిపోయారని, కాల్చాలా వద్దా అన్న అయోమయంలో ఉండిపోయారని ఐరాస సొంత విచారణలోనే తేలింది. కాగితం మీద అధికారం ఉంటే చాలదు. ఆ క్షణంలో అక్కడ నిలబడ్డ మనిషికి అది తన పని అని తెలిసుండాలి. మీ మేనల్లుడికి నేను చెప్పగలిగింది ఇదే: బయల్దేరే ముందే తన అధికారుల్ని అడిగి, ఎప్పుడు కాల్చవచ్చో స్పష్టంగా తెలుసుకోమనండి.

కాల్పుల మాట పక్కనపెడితే, నేను రోజూ చూసిన కాపలా వేరు. వంటకు కట్టెలు కావాలి. కట్టెలు కంచె బయట ఉంటాయి. మగవాళ్లు వెళ్తే చంపేస్తారు, ఆడవాళ్లు వెళ్తే చెరుస్తారు. అందుకని ఆడవాళ్లే వెళ్లేవాళ్లు. ఈ లెక్క వాళ్లే నాకు చెప్పారు, కళ్లలోకి చూస్తూ. శాంతిదళం కట్టెల దారిలో గస్తీ తిరిగే రోజున గుంపులుగా కదిలేవాళ్లు. "రేపు బండ్లు వస్తాయా?" అని ముందురోజు సాయంత్రం మమ్మల్ని అడిగేవాళ్లు. రావని తెలిస్తే కొందరు పొయ్యి వెలిగించకుండా ఆగిపోయేవాళ్లు, కొందరు తెగించి వెళ్లేవాళ్లు. మీ మేనల్లుడికి అలాంటి గస్తీ డ్యూటీ పడితే, అది చిన్న పని అనుకోవద్దని చెప్పండి.

ప్రశ్న: విమానాల్లోంచి తిండి గింజలు పడేస్తారని విన్నాను. అవి చివరికి సైనికుల నోట్లోకే పోతాయి కదా?

కొంత పోతుంది. లేదంటే అబద్ధం చెప్పినట్టే. కానీ మీరు అనుకున్నంత గుడ్డిగా పడేయరు. అక్కడి నేల నల్లరేగడి. వానలు మొదలైతే లారీ చక్రం ఇరుసుదాకా దిగిపోతుంది. ఎండాకాలంలో వెళ్లే లారీలను దారిపొడవునా ఆపి డబ్బు గుంజుతారు. అందుకే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువైనా విమానం తప్పదు. ఒక ఇల్యూషిన్-76లో సుమారు 30 టన్నులు పడతాయి. జొన్నల బస్తా పగిలినా గింజ చెదరకుండా ఒక సంచిలో ఇంకో సంచి పెట్టి కుడతారు. నూనె పెట్టెలకు చిన్న పారాచూట్లు కడతారు. ముందే హెలికాప్టర్లో ఒక బృందం దిగి, ఊరివాళ్ల పేర్లు రాసుకుని, బస్తాలు పడే మైదానంలో మనుషులు, పశువులు లేకుండా చూస్తుంది. పడ్డాక కుటుంబాల లెక్కన పంచుతుంది.

2017 ఫిబ్రవరిలో మా పక్కనే ఉన్న లేర్, మయెండిట్ కౌంటీల్లో కరువు ప్రకటించారు. ఆ ప్రకటన ఊరికే రాదు. అయిదింట ఒక కుటుంబానికి దాదాపు తిండే లేకపోవాలి, పిల్లల్లో నూటికి 30 మంది తీవ్రంగా చిక్కిపోవాలి, పదివేల మందికి రోజుకు ఇద్దరు చొప్పున చనిపోతుండాలి. అంటే ఆ మాట వినేసరికే ఎందరో పోయారన్నమాట. అక్కడ కరువు తెచ్చింది వాన కాదు. పైర్లు తగలబెట్టారు, పశువుల్ని తోలుకుపోయారు, సహాయం చేసేవాళ్లని రానివ్వలేదు. గింజలు చేరాక జూన్‌కల్లా ఆ రెండు చోట్లా కరువు స్థాయి తగ్గింది. కొంత దొంగల పాలైనా మిగతాది చేరింది కాబట్టే తగ్గింది.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు. మీలా వెళ్లాలని ఉంది. ఇప్పటినుంచి ఏం నేర్చుకోవాలి?

తల్లీ, ముందు ఇక్కడ రెండు మూడేళ్లు పిల్లల వార్డులో పనిచెయ్యి. అక్కడ డాక్టరు పక్కన లేని రోజులే ఎక్కువ. కొలత టేపు నీకు తెలిసే ఉంటుంది: ఆరు నెలలు దాటిన, అయిదేళ్లలోపు బిడ్డ ఎడమ చేతి దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఎరుపు, వెంటనే వైద్యం మొదలుపెట్టాలి. కానీ టేపును నమ్మి పాదాలు చూడటం మర్చిపోకు. ఒకసారి ఒక తల్లి జబ్బుపడ్డ చిన్న కూతురికి మందు కోసం వచ్చింది. పక్కనున్న పెద్దవాడిని చూపించి, "వీడికేం, బాగానే ఒళ్లు చేశాడు" అంది. టేపు పచ్చ రంగు చూపించింది. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీశాను. రెండిటి మీదా గుంటలు అలాగే ఉండిపోయాయి. అది ఒళ్లు కాదు, పోషకాహారం లేక పట్టిన నీరు. ఆరోజు ఇద్దర్నీ చేర్చుకున్నాం.