టైమ్‌టేబుల్ తీసేయొచ్చు, ఫైలు మాత్రం తీసేయకండి

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. మావారిది హెచ్-1బి, నేనూ పిల్లలూ ఆయన కుటుంబంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు పదమూడు. ఏడాదిగా ఇంట్లోనే చదివిస్తున్నాను. కరిక్యులం కొని, గంట గంటకీ టైమ్‌టేబుల్ పెట్టాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే గొడవ. బాబు పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకుంటున్నాడు. అన్‌స్కూలింగ్‌కి మారదామని నాకుంది. మావారికి మాత్రం టెన్షన్. చట్టం ఒప్పుకుంటుందా, వీసాకి ఇబ్బందా, రేపు ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే పిల్లల సంగతేంటి అని అడుగుతున్నారు.

జవాబు: మీవారి ప్రశ్నలకే ముందు జవాబు చెబుతాను. అవి తేలితే గానీ ఇంట్లో మిగతా మాటలు సాగవు.

అన్‌స్కూలింగ్ అంటే 1977లో జాన్ హోల్ట్ అనే మాజీ ఉపాధ్యాయుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. పిల్లల ఆసక్తే దారి చూపిస్తుంది, పెద్దలు పక్కన నిలబడి సాయం చేస్తారు. చట్టం దృష్టిలో ఇదీ హోమ్‌స్కూలింగే. 1993 నాటికే మొత్తం 50 రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమైంది. అయితే రూల్స్ ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. మీ న్యూజెర్సీ తేలికైన వాటిలో ఒకటి. ఆరు నుంచి పదహారేళ్ల పిల్లలకు స్కూల్లోనో, లేదంటే బయట దానికి సమానమైన చదువో ఉండాలంటుంది అక్కడి చట్టం. సమానం అంటే చదువులో సమానం అనే తప్ప, తరగతి గదిలో ఉండే తోటి పిల్లల సాంగత్యంతో సహా అని కాదని 1967లో అక్కడి కోర్టు ఒకటి తేల్చింది. ఏటా నోటీసు ఇవ్వక్కర్లేదు, పరీక్షలూ లేవు.

నదికి అవతల న్యూయార్క్‌లో కథ వేరు. ముందే నోటీసు ఇవ్వాలి, ఒక్కో పిల్లకూ ఏడాది ప్లాన్ రాసివ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి, ఏడాది చివర మదింపు జరగాలి. ఒకటి నుంచి ఆరు తరగతుల దాకా ఏడాదికి 900 గంటలు, ఆ పైన 990 గంటలు చదువు జరిగినట్టు చూపించాలి. పెన్సిల్వేనియాలో ఏ పుస్తకాలు చదివారో ఎప్పటికప్పుడు లాగ్ రాయాలి, ఆ రికార్డుల పోర్ట్‌ఫోలియోను మదింపు చేసే ఒక ఎవాల్యుయేటర్ చూడాలి. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష కూడా ఉంది. టెక్సాస్‌లో నోటీసు అక్కర్లేదు గానీ చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం అనే ఐదూ రాతపూర్వకమైన కరిక్యులంలో ఉండాలి.

ఇవన్నీ మీకెందుకంటే, మనవాళ్ల ఉద్యోగాలు ఒక్క చోట ఉండవు. ప్రాజెక్టు మారితే రాష్ట్రం మారుతుంది, రాష్ట్రం మారితే పిల్లల చదువు రూల్స్ మారతాయి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు అద్దెలు చూసుకుంటాం కదా, ఆ రాష్ట్రం హోమ్‌స్కూల్ రూల్ కూడా ఒక్కసారి చూసుకోండి. కంపెనీ జర్మనీకి ట్రాన్స్‌ఫర్ ఇస్తానంటే మరీ జాగ్రత్త. అక్కడ పిల్లలు స్కూలుకు వెళ్లి తీరాలి, ఇంటి చదువు కుదరదు. ఈ విషయంలో కుటుంబాలు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి ఓడిపోయాయి. స్వీడన్‌లోనూ 2011 నుంచి చాలా అసాధారణమైన కారణం ఉంటే తప్ప అనుమతి లేదు. ఇంగ్లండ్‌లో అయితే జాతీయ కరిక్యులం పాటించక్కర్లేదు. పిల్లవాడి వయసుకీ సామర్థ్యానికీ తగిన పూర్తిస్థాయి చదువు అందుతుంటే చాలు.

వీసా సంగతికొస్తే, హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఫలానా స్కూల్లోనే చదవాలనే షరతు లేదు. మీ పిల్లలకు మీరు చెప్పుకోవడం ఉద్యోగం కిందికి రాదు. డబ్బు తీసుకుని పక్కింటి పిల్లలకూ చెబుదాం అనుకుంటే మాత్రం అది పనే, దానికి వర్క్ పర్మిట్ ఉండాలి. అసలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి. గ్రీన్ కార్డు క్యూ ఎంత పొడుగో మీకు తెలుసు. అది తేలేలోపు బాబుకు ఇరవై ఒకటి నిండితే హెచ్-4 పోతుంది. అప్పుడు సాధారణంగా స్టూడెంట్ వీసాకి మారాలి, దానికి కాలేజీలో అడ్మిషన్ ఉండాలి. సిటిజన్ల పిల్లలు ఇరవై రెండేళ్లకు నింపాదిగా కాలేజీ గురించి ఆలోచించొచ్చు. మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. అందుకే అన్‌స్కూలింగ్ చేసే అమెరికన్ కుటుంబాల సలహాలు విన్నప్పుడు, అవి మనకు ఎంతవరకు వర్తిస్తాయో చూసుకుని తీసుకోండి.

ఇక ఇంట్లో మార్పు గురించి.

సోమవారం నుంచి క్లాసులు లేవని ప్రకటించి ఊరుకుంటే రెండు వారాల్లో మీకే భయమేసి టైమ్‌టేబుల్ మళ్లీ గోడకెక్కుతుంది. గొడవ ఏ సబ్జెక్టు దగ్గర ఎక్కువో దాన్ని ముందు వదిలేయండి. తర్వాత గంటల లెక్క వదిలేయండి. కొన్న కరిక్యులం అమ్మేయొద్దు, అల్మరాలో ఉంచండి. తెరవమని చెప్పేవాళ్లు లేకపోతే ఆ పుస్తకాల్నే తెరిచి చూసే పిల్లలున్నారు.

మొదటి నెలల్లో ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. స్కూల్లో గడిపిన ప్రతి ఏడాదికీ ఒక నెల చొప్పున విశ్రాంతి కావాలని హోమ్‌స్కూల్ కుటుంబాలు చెబుతుంటాయి. ఇది అనుభవంతో పుట్టిన లెక్కే తప్ప శాస్త్రం కాదు. ఇంట్లో మీరు నడిపిన ఏడాదిని కూడా అందులో కలుపుకోండి, ఎందుకంటే బాబుకు అదీ స్కూలే. ఎక్కువసేపు నిద్రపోతాడు, గేమ్స్ ఆడతాడు, బోర్ అంటాడు. ఆ బోర్‌ని మీరు తీర్చకండి. ఏదో ఒకటి వెతుక్కోవడం అక్కడే మొదలవుతుంది. నన్నడిగితే ఈ విశ్రాంతి పిల్లల కంటే మనకే ఎక్కువ అవసరం. ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లం, పిల్లవాడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే మన మనసు ఊరుకోదు.

ఈలోపు మీ పని తగ్గదు, మారుతుంది. చెప్పడం తగ్గించి గమనించడం మొదలుపెట్టండి. క్రికెట్ పిచ్చి ఉన్న అబ్బాయిని తీసుకోండి. 18.3 ఓవర్లంటే 18 ఓవర్ల 3 బంతులు. రన్ రేట్ కట్టాలంటే దాన్ని 18.5 అని రాసుకోవాలి. ఈ ఒక్క మెలిక అర్థమైన పిల్లవాడికి దశాంశాలు, భిన్నాలు, ఆరు ఆధారంగా లెక్కించడం ఒకేసారి అందుతాయి. నెట్ రన్ రేట్ దగ్గరికి వచ్చేసరికి సగటుల తేడా తనే తీస్తాడు. ఇంకో పిల్ల కిటికీ బయట పిట్టల్ని చూస్తుందనుకోండి. కార్నెల్ యూనివర్సిటీ పక్షి పరిశోధన ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ కూతని బట్టి పిట్ట పేరు చెబుతుంది. అక్కడినుంచి వలసలు, మ్యాపులు, రుతువులు వస్తాయి. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటే అదే రాత పని. మీరు చేయాల్సిందల్లా లైబ్రరీ నుంచి సరైన పుస్తకం తెచ్చి కళ్లకు కనిపించేలా పెట్టడం, అడిగినప్పుడు మాట్లాడటం, మ్యూజియమో పార్కో అంటే కారు తీయడం. పుస్తకం చదవకపోతే మౌనంగా తిరిగి ఇచ్చేయండి. ‘తెచ్చాను కదా, చదవలేదేం’ అన్నారా, మళ్లీ మొదటికొస్తుంది.

ప్రతి ఆసక్తినీ పాఠంగా మార్చాలనే దురద కూడా మనకు ఎక్కువే. పిట్టని చూసి సంతోషపడుతున్న పిల్లని వెంటనే స్పెల్లింగ్ అడిగితే రేపు కిటికీ దగ్గరికే రాదు.

ఇప్పుడు ఫైలు. ముందు ప్లాన్ రాసి తర్వాత అమలు చేసేవారు కదా, దాన్ని తిరగేయండి. రోజు గడిచాక రాత్రి రెండు మూడు లైన్లు రాయండి, ఏం చదివారు, ఏం చేశారు, ఎవరితో మాట్లాడారు అని. వారానికోసారి ఆ లైన్ల పక్కన స్కూలు భాషలో సబ్జెక్టు పేరు వేయండి. రన్ రేట్ లెక్క మ్యాథ్స్, వలస మ్యాపు జాగ్రఫీ, యూట్యూబ్‌లో చూసిన వంతెన ఇంట్లో అట్టముక్కలతో కట్టి బరువు పెట్టి చూస్తే సైన్స్. జరిగినదాన్నే రాయండి, జరగనిది రాయొద్దు. న్యూజెర్సీలో ఇప్పుడు ఎవరూ అడగరు. కానీ న్యూయార్క్‌కో పెన్సిల్వేనియాకో మారితే అక్కడి కాగితాలు రాయడానికి, బాబు కాలేజీకి వెళ్లేటప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులు, మార్కుల పట్టిక) తయారుచేయడానికి ఈ ఫైలే ఆధారం. హోమ్‌స్కూల్ పిల్లల ట్రాన్స్‌క్రిప్ట్ తయారుచేసేది తల్లిదండ్రులే.

పాప విషయంలో ధైర్యంగా వదిలేయొచ్చు. చదవడం సాఫీగా వస్తుంటే తొమ్మిదేళ్ల పిల్ల లెక్కల పుస్తకానికి ఒక ఏడాది దూరంగా ఉన్నా కొంపలేం మునగవు. కానీ చదవడంలోనే తడబడుతుంటే, అక్షరాలు తారుమారవుతుంటే, తనంతట తనే నేర్చుకుంటుందిలే అని కూర్చోకండి. అది డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది పెట్టే సమస్య) అయితే సమయం గడిచేకొద్దీ కష్టం పెరుగుతుంది. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం వైకల్యం ఉందన్న అనుమానం ఉన్న పిల్లల్ని గుర్తించి పరీక్షించే బాధ్యత పబ్లిక్ స్కూల్ వ్యవస్థది. ఇంట్లో చదివే పిల్లలకూ అది వర్తిస్తుంది. మీ ప్రాంతంలో పబ్లిక్ స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ని రాతపూర్వకంగా అడగండి.

బాబు సంగతి కొంచెం వేరు. పదమూడేళ్లవాడికి ఏమీ చెప్పకుండా వదిలేయడం అన్యాయం. వీసా లెక్క, ఇరవై ఒకటో ఏడు, కాలేజీ అడ్మిషన్‌కి ఏం అడుగుతారో కూర్చోబెట్టి చెప్పండి. చరిత్ర, సైన్స్ ఎటునుంచి మొదలుపెట్టినా పర్వాలేదు గానీ, ఆల్జీబ్రా మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందే. ఇంజనీరింగ్ ఇష్టమనే పిల్లవాడు పదహారేళ్లకు ఆల్జీబ్రా మొదలుపెడితే ఇబ్బంది పడతాడు. ఈ విషయం చెప్పి, ఎప్పుడు, ఎలా అన్నది వాడినే తేల్చుకోనివ్వండి. ఆన్‌లైన్ పాఠాల ఖాన్ అకాడమీలో ఉచితంగా చేసుకుంటాడో, ట్యూటర్ కావాలంటాడో వాడిష్టం. స్వచ్ఛమైన అన్‌స్కూలింగ్ వాళ్లు ఇది అన్‌స్కూలింగే కాదంటారు. అననివ్వండి. వాళ్లు వీసా క్యూలో లేరు.

పదహారు దగ్గరికి వచ్చేసరికి బయటివాళ్లు వేసిన మార్కులు కొన్ని ఉంటే మంచిది. కాలేజీ అడ్మిషన్లలో చూసే ఎస్‌ఏటీ పరీక్ష రాయొచ్చు. ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి పరీక్షలు మే నెలలో జరుగుతాయి, బయటి విద్యార్థుల్ని తీసుకునే స్కూలును ముందటి ఏడాది శరదృతువులోనే వెతికి పెట్టుకోవాలి. కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు తీసుకోవడం అన్నిటికంటే నాకు నచ్చిన దారి. ఇంట్లో టైమ్‌టేబుల్‌ని అసహ్యించుకున్న పిల్లలే తాము ఎంచుకున్న క్లాసుకి అలారం పెట్టుకుని వెళ్తారు.

ఇండియాకి తిరిగి వెళ్లాల్సి వస్తే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి స్థాయి పరీక్షకు చేరొచ్చు. సీబీఎస్‌ఈ స్కూల్లో చేర్చాలనుకుంటే తొమ్మిదో తరగతికి ముందే వెళ్లడం మేలు. బోర్డు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే జరుగుతుంది కాబట్టి ఏకంగా పదిలో చేరడం కష్టం. మీ బాబు ఇప్పుడు సరిగ్గా ఆ అంచున ఉన్నాడు. వచ్చే రెండేళ్లలో వెళ్లిపోయే అవకాశం గట్టిగా ఉందంటే మాత్రం, బాబుకు మార్పు ఇప్పుడు వద్దు, పాపతో మొదలుపెట్టండి.

ఇద్దరూ ఫుల్‌టైమ్ ఉద్యోగాల్లో ఉండి పగలు ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేని ఇంటికి ఈ పద్ధతి నేను చెప్పను. మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఊళ్లో పెద్దవాళ్లు ఫోన్లో ‘ఏ క్లాసు’ అని అడిగితే వయసుకి తగ్గ క్లాసు చెప్పేయండి, అన్‌స్కూలింగ్ గురించి ఫోన్లో ఉపన్యాసం అనవసరం. మీవారికి మాత్రం నెలకోసారి ఆ ఫైలు చూపించండి. ఆయన టెన్షన్ నిజమైనది, మాటలతో తగ్గదు.

ఇవన్నీ చేశాక కూడా బాబు స్కూలుకే వెళ్తానంటే పంపండి. వ్యాక్సిన్ రికార్డులు, అడ్రస్ ప్రూఫ్ పట్టుకుని డిస్ట్రిక్ట్ ఆఫీసుకి వెళ్తే చేర్చుకుంటారు. ఏ గ్రేడులో వేయాలో వాళ్లు నిర్ణయిస్తారు, ఆ రోజు కూడా ఆ ఫైలు చేతిలో ఉంటే మాట్లాడటం తేలిక.