కొత్త 4కే టీవీలో రాత్రి సీన్లు నల్లగా, మొహాలు నారింజ రంగులో కనిపిస్తున్నాయి. డబ్బిచ్చి క్యాలిబ్రేషన్ చేయించాలా?

బెంగళూరు ఫ్లాట్‌లో 55 అంగుళాల టీవీ పెట్టుకున్నానని, ప్యానెల్ బాగానే ఉందని టెక్నీషియన్ చెప్పి వెళ్లాడని రాశారు. క్యాలిబ్రేషన్ అంటే మీటర్‌తో కొలిచి టీవీ రంగులు సరిచేయడం. దానికి ఇప్పుడే డబ్బు పెట్టకండి. నేను మారతహళ్లిలో ఉంటాను. మూడేళ్ల క్రితం సరిగ్గా ఈ బాధే పడ్డాను. మీరు చెప్పిన రెండు లోపాల్లో చాలా భాగం రిమోట్‌తోనే పోతుంది.

మా ఇంట్లో సంగతి ఎలా బయటపడిందంటే, ఊరి నుంచి అమ్మ వచ్చినప్పుడు చెల్లి పెళ్లి వీడియో పెట్టాం. పీటల పక్కన తాతయ్య తెల్ల పంచెలో నిలబడి ఉన్నారు. పంచెకు ఒక్క మడత లేదు, కాగితం కత్తిరించి అతికించినట్టుంది. వెనక మావయ్య నల్ల కోటుకు కాలర్ ఎక్కడో, బొత్తాలు ఎక్కడో తెలియట్లేదు. "చెల్లి చీర ఇంత ఎర్రగా లేదే" అంది అమ్మ. కొన్నది తనే కాబట్టి ఆ రంగు ఆవిడకు బాగా గుర్తు. అదే వీడియో ఫోన్‌లో చూస్తే మడతలు, బొత్తాలు అన్నీ ఉన్నాయి. వీడియోలో ఉన్నదాన్నే టీవీ మింగేస్తోందన్నమాట.

మొదట పిక్చర్ మోడ్ సంగతి. బిగించడానికి వచ్చినతను వివిడ్‌లో పెట్టి వెళ్లాడు. షోరూమ్ లైట్ల కింద పక్క టీవీని మించి మెరవడానికి పనికొచ్చే మోడ్ అది. మామూలు హెచ్‌డీ వీడియోను రెక్. 709 అనే పరిమితమైన రంగుల కొలతతో తయారు చేస్తారు. వివిడ్ ఆ రంగులను ప్యానెల్ చూపించగలిగినంత మేరకు సాగదీస్తుంది. మీ టీవీలో మొహాలు నారింజ రంగులోకి పోవడానికి కారణం దాదాపుగా ఇదే. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. సినిమా తీసినవాళ్లు కోరుకున్నట్టే చూపించడానికి, టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసిన యూహెచ్‌డీ అలయన్స్ 2019లో ప్రకటించిన మోడ్ అది. లేకపోతే సినిమా లేదా మూవీ మోడ్. కలర్ స్పేస్ ఆటోలో ఉంచండి. పవర్ సేవింగ్, గది వెలుతురును బట్టి మారే సెన్సర్, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ వాటి మధ్య సొంతంగా ఫ్రేములు చేరిస్తే ఎంత పెద్ద సినిమా అయినా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది.

తెలుపు నీలం వైపు ఉండాలో పసుపు వైపు ఉండాలో చెప్పేది కలర్ టెంపరేచర్, దాన్ని కెల్విన్లలో కొలుస్తారు. దాన్ని వార్మ్ 2 లాంటి దానికి మార్చగానే "ఇదేంటి, పసుపుగా ఉంది" అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. నీలం కలిసిన తెలుపుకు కళ్లు అలవాటు పడిపోవడం వల్ల అలా అనిపిస్తుంది. సినిమాకు రంగులు దిద్దే స్టూడియో మానిటర్ తెలుపు 6500 కెల్విన్ దగ్గర ఉంటుంది, వార్మ్ సాధారణంగా దానికే దగ్గర. నాలుగు రోజులు ఓపిక పట్టండి. ఐదో రోజు పాత సెట్టింగ్ పెడితే ట్యూబ్‌లైట్‌లా ఉందని మీరే అంటారు.

ఇంత చేసినా మావయ్య కోటు బొత్తాలు రాలేదు. రెండు వారాలు బ్రైట్‌నెస్ పెంచుతూ తగ్గిస్తూ గడిపాను. పెంచితే నలుపంతా బూడిద రంగయ్యేది, బొత్తాలు మాత్రం వచ్చేవి కావు. అసలు లోపం టీవీలో లేదు, దానికి తగిలించిన స్ట్రీమింగ్ బాక్స్‌లో ఉంది. వెలుగును 0 నుంచి 255 దాకా అంకెల్లో రాస్తారు, అందులో వీడియోలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. నా బాక్స్ మాత్రం 0 నుంచి 255 దాకా పంపుతోంది, టీవీ 16 నుంచే చదువుతోంది. 16 కింద పడ్డవన్నీ నలుపైపోయాయి, 235 పైన ఉన్నవన్నీ తెలుపైపోయాయి. బొత్తాలు, పంచె మడతలు రెండూ పోయింది అక్కడే. బాక్స్ ఔట్‌పుట్‌ను ఫుల్ (0-255) నుంచి లిమిటెడ్ (16-235)కు మార్చగానే రెండూ ఒకేసారి తిరిగి వచ్చాయి. ఆ రాత్రి పెళ్లి వీడియో మొత్తం మళ్లీ చూశాం. మీరు కూడా ముందు ఇది చూడండి.

తర్వాత టెస్ట్ ప్యాటర్న్, అంటే అంకెలు వేసిన గీతలతో సెట్టింగులు సరిచూసుకునే వీడియో. అలాంటి ప్యాటర్న్‌ల సెట్ ఏవీఎస్ హెచ్‌డీ 709 ఉచితంగా దొరుకుతుంది. నలుపు ప్యాటర్న్‌లో 16వ గీత కనిపించకూడదు, 17 లీలగా కనిపించాలి. దాన్ని సరిచేసేది కొన్ని టీవీల్లో బ్రైట్‌నెస్, సోనీలో బ్లాక్ లెవెల్. సోనీలో బ్రైట్‌నెస్ అంటే తెర మొత్తం వెలుగు కాబట్టి తికమక పడకండి. తెల్ల ప్యాటర్న్‌లో 234 దాకా గీతలు విడివిడిగా కనిపించేలా కాంట్రాస్ట్ పెట్టండి. టీవీ అరగంట నడిచాక, మీరు రోజూ సినిమా చూసే వేళలోనే ఇదంతా చేయండి. మా హాలు బాల్కనీ పడమర వైపు. సాయంత్రం ఐదింటికి చేసిన సెట్టింగ్ రాత్రి తొమ్మిదికి కళ్లలో గుచ్చుకునేది. ఇప్పుడు పగటికి గామా (నలుపు తెలుపుల మధ్య వెలుగు ఎంత ముదురుగా ఉండాలో చెప్పే అంకె) 2.2, లైట్లు ఆర్పేశాక 2.4 అని రెండు మోడ్‌లు ఉంచుకున్నాను. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌లో 6500 కెల్విన్ ఎల్‌ఈడీ స్ట్రిప్ కొని టీవీ వెనక అంటించాను. కళ్ల అలసట తగ్గింది, నలుపు ఇంకా నల్లగా అనిపిస్తోంది.

చీర పక్కన పెట్టుకుని రంగు దిద్దుదామని మాత్రం అనుకోకండి, నేనూ ప్రయత్నించాను. కెమెరాలోనో ఎడిటింగ్‌లోనో రంగు ముందే మారిపోయి ఉంటే దాన్ని చూసి టీవీని చెడగొట్టుకుంటాం.

మామూలు వీడియో కన్నా ఎక్కువ వెలుగు, రంగులు చూపించే హెచ్‌డీఆర్, డాల్బీ విజన్‌ల సెట్టింగులు వేరుగా ఉంటాయి, ఆ వీడియో నడుస్తున్నప్పుడే కనిపిస్తాయి. అక్కడ కూడా సినిమా మోడ్ పెట్టి బ్యాక్‌లైట్ పూర్తిగా ఉంచండి, మిగతావి కదపకండి.

ఇక క్యాలిబ్రేషన్. తెలుపులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉండాలో చెప్పే వైట్ బ్యాలెన్స్ అంకెలను కంటితో పెట్టలేం, తెర రంగును కొలిచే కలరిమీటర్ కావాలి. వేరేవాళ్ల అంకెలు మీ టీవీలో ఎక్కించకండి, ఒకే మోడల్‌లో కూడా ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ తేడా ఉంటుంది. ఫొటోలు తీసే కొలీగ్ దగ్గర మీటర్ అడిగి తెచ్చుకుని, హెచ్‌సీఎఫ్‌ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక ఆదివారం నేనే కొలిచాను. వార్మ్ 2లో నీలం కొంచెమే ఎక్కువుంది, ముదురు, లేత బూడిద రంగుల దగ్గర చేసే రెండు పాయింట్ల సర్దుబాటుతో సరిపోయింది. ప్రొజెక్టర్ అయితే డబ్బిచ్చి చేయించమనే చెప్పేవాణ్ని, అక్కడ గోడ రంగు, తెర, ల్యాంప్ వయసు అన్నీ కలుస్తాయి.

ఈ రాత్రి బాక్స్ ఔట్‌పుట్ చూసి, ప్యాటర్న్‌లో 17వ గీత కనిపిస్తోందో లేదో టీవీ మోడల్‌తో పాటు కింద రాయండి. ఆ మెనూలో ఏది ఎక్కడుందో వెతికి చెబుతాను.