ముందు సాఫ్ట్‌వేర్ కొనకు

విజయవాడ

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరులో మీ కంపెనీ కోల్డ్ స్టోరేజీలకు అమ్మే కంట్రోల్ ప్యానెళ్ల మాన్యువళ్లను ఇకపై టాపిక్‌లుగా, అంటే ఒక్కో విషయానికి విడిగా నిలబడే చిన్న ముక్కలుగా, రాయబోతున్నారని విని సంతోషించాను. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనవద్దు. ఇలా టాపిక్‌లుగా రాయడానికి వాడే డిటా (DITA) ఐబీఎంలో పుట్టి, 2005లో ఒయాసిస్ సంస్థ ఆమోదం పొందిన ప్రమాణం. అందులో రాసినవాటిని పీడీఎఫ్‌లుగా, వెబ్ పేజీలుగా మార్చే డిటా ఓపెన్ టూల్‌కిట్ ఉచితంగానే దొరుకుతుంది, మొదలుపెట్టడానికి అది చాలు.

కస్టమర్ల నుంచి ఎక్కువ ఫోన్లు తెప్పించే మాన్యువల్ ఒక్కటి తీసుకో. ప్రతి పేరా పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టు: ఇది విషయం వివరిస్తోందా, పని చేయిస్తోందా, అవసరమైనప్పుడు చూసుకునే పట్టికా? కాన్సెప్ట్, టాస్క్, రిఫరెన్స్ అంటే ఇవే. చాలా పేరాల్లో మూడూ కలగాపులగంగా ఉంటాయి, వాటిని విడదీయడమే అసలు చాకిరీ. అర్ధరాత్రి అలారం మోగితే మిర్చి బస్తాల మధ్య నిలబడ్డ ఆపరేటరుకు సెన్సర్ పనితీరు మీద ఉపన్యాసం అక్కర్లేదు. అందుకే ‘సెన్సర్ వివరాలు’ అన్న శీర్షిక తీసేసి ‘సెన్సర్ అలారం వస్తే ఏం చేయాలి’ అని పెట్టు. ‘పైన చెప్పినట్టు’, ‘గత అధ్యాయంలో చూశాం’ లాంటివి కనిపించినచోటల్లా కొట్టేయి. ఏ టాపిక్ తర్వాత ఏది రావాలో నిర్ణయించేది మ్యాప్ అనే జాబితా ఫైలు. రేపు వేరే మాన్యువల్‌లో ఆ వరుస మారిపోతుంది.

‘కరెంటు ఆపిన తర్వాతే తలుపు తెరవాలి’ అన్న హెచ్చరికను ఒకచోట రాసి, కాన్‌రెఫ్‌తో, అంటే ఒకచోట రాసినదాన్ని మిగతాచోట్లకు రప్పించే డిటా సదుపాయంతో, అన్నిచోట్లా వాడుకో. మార్పు వస్తే ఒక్కసారి దిద్దితే సరిపోతుంది. అయితే ఇంగ్లీషు మాన్యువళ్లకు అలవాటుపడ్డవాళ్లు తరచుగా మరిచిపోయే చిక్కు ఒకటుంది. ‘పంపు’ అన్న మాటను కీ చేసి, అంటే అవసరమైతే వేరే మాటతో మార్చుకోగలిగే గుర్తుగా పెట్టి, వెనక ‘ను’ తగిలించి రాశావనుకో. రేపు ఆ స్థానంలో ‘యంత్రం’ వస్తే వాక్యం ‘యంత్రంను’ అని కూర్చుంటుంది. మన విభక్తులు కీలకు లొంగవు. తెలుగులో పూర్తి వాక్యాన్నో, పూర్తి మెట్టునో మాత్రమే పంచుకో.

ఇలా ముక్కలుగా రాస్తే పుస్తకంలా చదువుకోవడానికి వీల్లేదని మీ సీనియర్ ఇంజినీర్లు అంటారు. అందులో కొంత నిజముంది, వాదనకు దిగకు. మొదట్లో యంత్రం మొత్తాన్ని పరిచయం చేసే కాన్సెప్ట్ ఒకటి చేర్చి, అదే మ్యాప్ నుంచి పీడీఎఫ్ తీసి చేతికివ్వు.

ఆదివారం వస్తే గుర్తులు పెట్టిన మాన్యువల్ తీసుకురా, టాస్క్‌ల శీర్షికలు కలిసి చూద్దాం.

మామయ్య